నల్ల బీరును తూకం వేసిన మా అత్త

మా అత్త పోయిందన్న కబురు మొన్న సాయంత్రం వచ్చింది. తెచ్చింది ఆమె అల్లుడే. కూతురిని చూసి వస్తానని కదిరికి పోయిన మా అత్త, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, అక్కడే, కూతురి ఇంట్లోనే, మళ్లీ లేవలేదు. అల్లుడు దొరికిన బస్సు ఎక్కి, ఇప్పుడు మేముంటున్న అనంతపురం వచ్చి, మా గడపలో నిలబడి, "చెల్లెమ్మా, అత్తమ్మ పోయింది" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఏదో అడగబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు అడుగుతావని నాకు తెలుసు. ముక్కు దగ్గర నేనే ఏలు పెట్టి చూసినా. డాక్టరును పిల్చుకొచ్చి చూపిచ్చినా. నిజమే" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు ఏడుపు వచ్చింది.

చదివేవాళ్లకు ఇది వింతగా ఉండవచ్చు. చావు కబురు తెచ్చినవాడిని సాక్ష్యం అడిగే ఇల్లు ఇంకొకటి ఉండదేమో. ఆ గుణం మా అందరికీ ఆమె నుంచే అంటుకుంది. ఆమె ఏ వస్తువునూ, ఏ మాటనూ ఊరికే తీసుకునేది కాదు. తిప్పి చూసేది, వాసన చూసేది, గోటితో గీకి చూసేది, అంతా అయ్యాక కూడా సగమే నమ్మేది.

మాది కళ్యాణదుర్గం దగ్గర వేరుశెనగ పండించే పల్లె. మామ లేడు. నేను కాపురానికి పోయేనాటికే పంట, బేరం, తూకం అన్నీ ఆమె చేతిమీదే నడిచేవి. విత్తనాలు కొనేటప్పుడు ఆమెను చూడాలి. గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర ఆడించేది. తేలిగ్గా ఉంటే లోపల గింజ లేదనేది. బరువుగా ఉంటే నీళ్లు చల్లినారనేది. సరిగ్గా ఉంటే, "ఇంత సరిగ్గా యాడనుంచి వచ్చినాయి?" అని ఇంకా ఎక్కువ అనుమానపడేది. పాపం, అమ్మేవాడికి తప్పించుకునే దారే ఉండేది కాదు. రేడియోలో రాయలసీమలో వానలు పడతాయని చెబితే, "ఆయప్ప ఈడికొచ్చి మబ్బును చూసినాడా?" అని అడిగేది. ఆ విషయంలో మాత్రం ఆమె మాటే ఎప్పుడూ నెగ్గేది.

పెళ్లిచూపులనాడు పూలు పెట్టే నెపంతో నా జడ పట్టుకుని గట్టిగా లాగింది. సవరం ఏమోనని. కళ్లలో నీళ్లు తిరిగాయి. "సొంతమే" అని పక్కనున్న మా వదినతో అన్నది కానీ, నాకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు. ఈమెతో ఎలా వేగాలి భగవంతుడా అని ఆ రోజే అనుకున్నాను. వదిన అంటే ఆమె ఒక్కగానొక్క కూతురు. మా ఆయనకు అక్క. ఆమె భర్తనే నేను కదిరి అన్న అంటాను. వేరుశెనగ పప్పు లారీకెత్తి బెంగుళూరుకు తోలే వ్యాపారం ఆయనది. చెయ్యి, నోరు రెండూ పెద్దవే.

ఇక నేను చెప్పదలుచుకున్న సంగతికి వస్తాను. డెబ్బైల చివర్లో, వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు, పుట్టింట్లో పురుడు పోసుకుని చంటిబిడ్డతో తిరిగి వచ్చాను. వచ్చానన్న మాటే గానీ నాలో ఏమీ లేదు. వసారా మెట్లెక్కితే గుండె దడదడ కొట్టుకునేది. రోకలి ఎత్తితే కళ్లు బైర్లు కమ్మేవి. బాలింత నీరసం, అదే పోతుందిలే అన్నారు అందరూ.

మా అత్త అట్లా అనలేదు. ఆమెకు నామీదే అనుమానం వచ్చింది. పని తప్పించుకోవడానికి నీరసం నటిస్తున్నానని. తలుపు చాటున నిలబడి, ఎవరూ లేనప్పుడు నేను చురుగ్గా నడుస్తానా అని చూసేది. ఆమె నీడ గోడమీద పడేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఒక మధ్యాహ్నం కట్టెలు తెస్తూ పెరట్లో కూలబడిపోయాను. ఆమె పరుగున వచ్చి, పలకరించనైనా పలకరించకుండా, బొటనవేలితో నా కింది కనురెప్ప లాగి లోపల చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. రెండో కన్ను కూడా చూసింది. తర్వాత నా గోళ్లు నొక్కి చూసింది.

"ఏమ్మే, నీలో నెత్తురు లేదే" అన్నది.

ఆ తర్వాత నన్ను మళ్లీ ఎప్పుడూ అనుమానించలేదు. ఆమె అనుమానానికి త్వరలోనే ఇంకో పని దొరికింది.

ఆ వారంలోనే కదిరి అన్న బెంగుళూరు నుంచి వస్తూ మా ఇంటి ముందు లారీ ఆపాడు. నన్ను చూసి నిజంగానే బాధపడ్డాడు. లారీలోంచి గడ్డిలో చుట్టిన సీసాలు దింపించాడు. కొన్ని మామూలు బీరు. కొన్ని నల్ల బీరు. మాకందరికీ నల్ల బీరు చూడటం అదే మొదలు. గ్లాసులో పోస్తే కాఫీ డికాక్షన్ లాగా ఉంది, పైన మీగడలాగా గోధుమరంగు నురగ. మామూలువి తనకు, నల్లవి నాకు అని పంచాడు.

"ఇవి మాకప్పా, ఉత్త నీళ్లు" అన్నాడు మా ఆయనతో. "అవి చెల్లెలికి. బెంగుళూరులో మా సేటు ఇంట్లో బాలింతకు ఇదే తాపినారు. నెల తిరక్కుండా నెత్తురు పట్టింది. నలుపు ఊరికే వస్తాదా? గింజలో సారమంతా దిగితేనే కదా ఆ నలుపు. ఎంత బరువుండాదో తాగితే తెలుస్తాది. సగం గ్లాసుకే కడుపు నిండిపోతాది."

ఇక్కడ మా ఇళ్లలో ఒక పద్ధతి చెప్పాలి. అత్త అల్లుడి ఎదుటికి రాదు. ముఖాముఖి మాట్లాడదు. వంటింటి తలుపు వెనక నిలబడి, కొడుకుతోనో కోడలితోనో అన్నట్టు అంటుంది. అల్లుడు కూడా బావమరిదికి చెబుతున్నట్టు బదులు చెబుతాడు. అది మర్యాద. పెళ్లయినప్పటి నుంచీ ఆమె గాజుల చప్పుడు తప్ప ముఖం ఆయన సరిగా చూసి ఉండడు.

మా అత్త తలుపు వెనక నుంచి, "రేయ్, ఆ పిల్లను పెద్దాసుపత్రికి చూపిస్తే అయిపోతాది కదా అని అడుగు" అన్నది.

"ఏమప్పా, మీ అమ్మకు మామీద నమ్మకం లేదా? విషం తెచ్చినామా మేము?" అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు గానీ ముఖం మాడింది. మా ఆయన కంగారుపడి, "ఛఛ, అట్లేం లేదు బావా" అన్నాడు. అల్లుడు తెచ్చిందాన్ని వద్దనడం ఏ ఇంట్లోనైనా జరిగే పనేనా? అయినా ఆయన దుర్మార్గంతో తేలేదు. అభిమానంతో తెచ్చాడు. అభిమానంతో తెచ్చిన దాన్ని ఎవరూ పరీక్షించరు. అందుకే అది ఎక్కువ ప్రమాదమని మా అత్త తర్వాత అనేది.

రోజూ మధ్యాహ్నం నాకు ఒక గ్లాసు నల్ల బీరు మొదలైంది. నిజం చెప్పాలంటే నాకూ నమ్మకమే. మనకు మందంటే ఏమిటి? నల్లగా ఉండాలి, చేదుగా ఉండాలి, మింగలేక మింగాలి. చిన్నప్పటి నుంచి తాగిన కషాయాలన్నీ అంతే కదా. ఇది మాడు వాసనతో, చేదుగా, నాలుక మీద మందంగా నిలిచేది. తాగిన కాసేపటికి కడుపు బిగిసేది. సంగటి ముద్ద సగం తిని పళ్లెం తోసేసేదాన్ని. కడుపు నిండింది కదా, బలం పట్టినట్టే అనుకున్నాను. చెంపలు ఎర్రబడేవి. వీధిలో ఆడవాళ్లు చూసి, రంగు వచ్చింది, మీ అన్న దేవుడు అనేవాళ్లు. బిడ్డ కూడా ఏడవడం మానేసి హాయిగా నిద్రపోయేది. మా ఆయన మురిసిపోయి బావకు కబురు కూడా పెట్టాడు.

ఇల్లంతా సంతోషంగా ఉంటే మా అత్త ఒక్కతే మొహం ముడుచుకుని తిరిగేది.

"పొద్దున తెల్లగా ఉంటాది. మధ్యాహ్నం ఎర్రగా అవుతాది. సాయంత్రానికి మళ్లీ తెల్లగా అవుతాది. నెత్తురైతే ఎట్ల పోతాది?" అని మా ఆయనను నిలదీసింది. ఇంకోసారి నేను తోసేసిన పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇది బలమా? తిండి తినకుండా చేసేది బలమెట్లయితాది?" అన్నది. అన్నిటికంటే ఆమెకు బిడ్డ నిద్ర నచ్చలేదు. ఉయ్యాలలోంచి తీసి అరికాలి మీద చిటికేసేది. అది కళ్లు తెరిచి, ఒక్క కేక కూడా పెట్టకుండా మళ్లీ మూసుకునేది. "పాలు తాగే బిడ్డ ఇంత మంచిగా ఉండకూడదు. తల్లి పాలల్లోకి ఏం పోతాంది?" అన్నది. ఆ మాటతో నాకు కూడా మొదటిసారి భయం పుట్టింది. ఆ రోజు నుంచి గ్లాసు ఎత్తే ముందు ఉయ్యాల వైపు చూసేదాన్ని. కానీ బావ మళ్లీ వచ్చి అడిగితే ఏం చెప్పాలి అని మా ఆయన అనేవాడు. నా ప్రాణం, బిడ్డ ప్రాణం ఒకవైపు, అల్లుడి మర్యాద ఇంకోవైపు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

అప్పుడు ఆమె నల్ల బీరును పట్టుకుంది. వేరుశెనగను పట్టుకున్నట్టే పట్టుకుంది.

మొదట అందులో ఏదో కలిపారని ఆమె అనుమానం. మాడిన బెల్లమో, మసో. తెల్లటి పంచెగుడ్డలో వడకట్టింది. గుడ్డకు మరక పట్టింది గానీ ఏమీ మిగల్లేదు. "కలిపినట్టు లేదే" అని ఆమే ఒప్పుకుంది, కొంచెం నిరాశగా. తర్వాత తక్కెడ దింపింది. ఒకే రకం చెంబులు రెండు తీసుకుని, ఒకదాంట్లో నల్లది, ఇంకోదాంట్లో అన్న వదిలిపోయిన మామూలుది సమంగా పోసింది. నురగ చావనిచ్చింది. ఎత్తి పట్టుకుంది. తక్కెడ ముల్లు నిలబడిపోయింది. చెంబులు మార్చి చూసింది. అయినా అంతే.

"చూసినావా? బరువు బరువు అన్నారు. యాడుండాది బరువు?"

పళ్లెం వాల్చి దానిమీద ఒక చుక్క ఆముదం, ఒక చుక్క వేరుశెనగ నూనె, ఒక చుక్క నల్ల బీరు వేసింది. ఆముదం కదలనన్నది. నూనె నెమ్మదిగా జారింది. బీరు నీళ్లలాగా గబగబా పారిపోయింది. చిక్కదనం కూడా లేదని తేలింది. అయితే నాకు కడుపు ఎందుకు బిగుస్తుంది? దానికీ ఆమె ఒక ఉపాయం చేసింది. ఒక గ్లాసు నల్ల బీరును రెండు చెంబుల మధ్య మజ్జిగలాగా తిరగపోసి, బుడగలన్నీ పోయాక మా ఆయనను తాగమంది. ఆయన తాగి, "చేదుగా ఉండాది. బరువేం లేదు. చప్పటి నీళ్ల మాదిరి ఉండాది" అన్నాడు.

"అయితే దీని కడుపులో బరువు గాలి. గాలి తాపి నా కోడలికి తిండి లేకుండా చేస్తాండారు" అన్నది. నా కోడలు అని ఆమె నోట రావడం నేను అదే మొదటిసారి విన్నాను.

నలుపు సంగతి ఒక్కటి మిగిలింది. దాన్ని ఆమె గింజలు వేయించే పెంకు ముందు కూర్చుని తేల్చుకుంది. బీరు గింజలు మొలకెత్తించి చేస్తారని అన్న ఒకసారి చెప్పి ఉన్నాడు. మా ఇళ్లలోనూ బిడ్డలకు రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి కొట్టుకుంటాం కదా. ఆమె గుప్పెడు రాగులు పెంకులో పోసి, కావాలనే మాడేదాకా వేయించింది. వాటిని నీళ్లలో మరిగించింది. పెద్ద గిన్నె నిండా నీళ్లు కాటుకలాగా నల్లబడ్డాయి. గుప్పెడు గింజలకే. ఆ మాడిన రాగులు అరచేతిలో ఎగరేస్తూ, "వేయిస్తే చెనిక్కాయ తేలికవుతాదా, బరువెక్కుతాదా?" అని నన్ను అడిగింది. తేలికవుతుంది అన్నాను. వేయించిన వేరుశెనగకాయలు తూకానికి తగ్గుతాయని మా పల్లెలో తెలియనివాళ్లు లేరు. "మరి మాడిన గింజ ఎక్కువ బలమని ఎట్ల నమ్మినాం మనం?" అన్నది. మనం అనడంలో తనను కూడా కలుపుకుంది.

ఇంతవరకే అయితే ఇంట్లో మాట ఇంట్లోనే ఉండేది. కానీ కదిరి అన్న మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకా ఎక్కువ సీసాలు తెచ్చాడు. తోడుగా వ్యాపారంలో భాగస్తులు ఇద్దరు. మా వీధి పెద్దలు కూడా పలకరించడానికి వచ్చి వసారాలో కూర్చున్నారు. అన్న నన్ను చూసి, "ఇంకా కొంచెం ఎక్కువ తాపాల. రెండు పూటలా ఇయ్యండి. గట్టి మందు ఒక్కపూటకు పట్టదు" అన్నాడు. మా ఆయన తల ఊపాడు. తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి మా ఆయన చేత లోపలి నుంచి గ్లాసు వచ్చింది. నల్లగా, నురగతో. "బావా, అమ్మ నిన్ను ఒకసారి రుచి చూడమంటాంది. ఇది మంచిదేనా, పాడయిందా అని" అన్నాడు. మా ఆయనకు కూడా లోపల ఏం జరిగిందో తెలియదు. అన్న ఒక గుక్క తాగాడు. నాలుక చప్పరించాడు. ఇంకో గుక్క తాగాడు.

"బ్రహ్మాండంగా ఉండాది. చూడండప్పా, ఎంత బరువు! నాలుక మీద కూసోని లేయమంటే లేయడం లేదు. ఇది రెండు పూటలా తాగితే పడుకున్న మనిషి లేచి పరిగెత్తాల" అని గ్లాసు భాగస్తులకు ఇచ్చాడు. వాళ్లూ చూసి, అవును బలమైందే, మామూలు బీరు దీని ముందు నీళ్లే అన్నారు.

అప్పుడు మా అత్త తలుపు దాటి వచ్చింది. కొంగు తలమీద కప్పుకుని, అల్లుడి ఎదురుగా, వసారా మధ్యలో నిలబడింది. పెద్దలంతా లేచి నిలబడ్డారు. ఏం చేయాలో తోచక అన్న కూడా లేచాడు.

"నాయనా, అది మీరు తాగే మామూలు బీరు. దాంట్లో మాడిన రాగుల నీళ్లు నేను పోసినా" అన్నది. "నలుపు చూసి, మాడు చేదు చూసి మీరు బరువన్నారు. నా కోడలూ అట్లే అనుకునింది. మీరు మంచికే తెచ్చినారు. దాంట్లో నాకు అనుమానం లేదు. కానీ ఆ పిల్లలో నెత్తురు లేదు. బిడ్డ కండ్లు తెరవడం లేదు. ఇంక ఒక్క చుక్క కూడా దాని నోట్లో పోయనీను."

భాగస్తుల్లో ఒకడికి నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాడు. అదే కొంప ముంచింది. అన్న ముఖం జేవురించింది.

"పదిమందిలో నన్ను ఎర్రోణ్ని చేసినారు. సరే. ఈ గడప ఇంక నేను తొక్కను, నా పెండ్లామూ తొక్కదు" అని చెప్పులేసుకుని లారీ ఎక్కాడు. మా ఆయన వెనకాలే పరుగెత్తాడు. లారీ ఆగలేదు.

మా అత్త అక్కడే నిలబడి, "పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

మరునాడు నన్ను, బిడ్డను తీసుకుని అనంతపురం పెద్దాసుపత్రికి వచ్చింది. లేడీ డాక్టరు కూడా మొదట నా కనురెప్పే లాగి చూసింది. నెత్తురు పరీక్ష చేయించింది. "ఇంకొంచెం ఆలస్యమైతే గుండె తట్టుకునేది కాదమ్మా" అన్నది. బీరు సంగతి విని తలపట్టుకుంది. పాలిచ్చే తల్లి తాగితే బిడ్డకూ పోతుందని, నిద్ర అందుకేనని చెప్పి, ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకుంది. మా అత్త ఆమెను కూడా వదల్లేదు. ఈ సూదిలో ఏముంది, ఈ మాత్ర ఎందుకు, ఇనుము అంటే మేకులు కొట్టే ఇనుమేనా అని అన్నీ అడిగింది. డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. నల్ల బీరు గురించి కూడా చెప్పింది. నలుపు గింజను వేయించడం వల్ల వచ్చే రంగే, అందుకు కొన్ని గింజలు చాలు. చిక్కగా అనిపించడానికి మాడు రుచి, నురగ, పులియకుండా మిగిలిన తీపి కారణమవుతాయి. రంగును చూసి బలమూ చెప్పలేం, మత్తూ చెప్పలేం. కొన్ని నల్లవాటిలో మామూలు దానికంటే తక్కువ మత్తు ఉంటుంది.

"అట్లనా? నలుపు కాబట్టి రెండింతలు మత్తని నేననుకుంటినే. అయితే నేనూ రంగు చూసే మోసపోయినా" అన్నది మా అత్త. అంతమాట అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. అయినా బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఒక మాత్ర తీసి, పంటితో కొరికి, లోపల ఏ రంగులో ఉందో చూసింది.

కొన్ని వారాలకు బిడ్డ మళ్లీ ఇల్లెగిరిపోయేలా ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని ఆమె నవ్వింది. నాకు ఆకలి వచ్చింది. సంగటి ముద్దలు ఒకటికి రెండు తిన్నాను. నేను బతికాను. నా కూతురు బతికింది. ఈ రెండు ముక్కలు రాస్తుంటే ఇప్పుడు చెయ్యి ఆగిపోతోంది.

కానీ కదిరి నుంచి వదిన రాలేదు. శ్రావణానికి రాలేదు, దసరాకు రాలేదు. కబురు పెడితే జవాబు లేదు. "నువ్వే ఒక మాట పోయి చెప్పమ్మా, తప్పయిందని" అన్నాడు మా ఆయన. "నేను చెప్పింది అబద్ధమైతే పోయి కాళ్లు పట్టుకుంటా. అబద్ధమా?" అని అడిగింది ఆమె. ఆ రోజు ఆమె అన్నం సరిగా తినలేదు. నాకు తెలుసు. నా పళ్లెం ఆమె చూసినట్టే ఆమె పళ్లెం నేను చూడటం అప్పటికి నేర్చుకున్నాను.

ఆ కోపం కలకాలం నిలవలేదని చెప్పాలి. కొన్నేళ్లకు వదిన రెండో కాన్పు తర్వాత పాలిపోతే, కదిరి అన్న తనంతట తానే మా ఇంటికి వచ్చి, వసారాలో నిలబడి, "అత్తమ్మా, మీ కూతురు కండ్లు ఒకసారి చూడండి" అన్నాడు. ఆమె ఆ బస్సుకే ఆయన వెంట పోయింది. అప్పటి నుంచి తలుపు చాటు మాటలు పోయాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకునేవాళ్లు, అన్నిటి గురించీ. చివరకు ఆ ఇంట్లోనే ఆమె కన్నుమూసింది. మొన్న ఆయన నా ఎదుట నిలబడి ఏడ్చిన ఏడుపు అల్లుడి ఏడుపు కాదు, కొడుకు ఏడుపు.

అయితే ఆమెను తలుచుకుంటే నాకు ఆ రోజులేవీ కళ్లముందుకు రావు. ఆమెకు నామీద ప్రేమ ఉందా, లేక తన కంటి ముందు తప్పు జరిగితే సహించలేని గుణమేనా అని నాకు చాలాకాలం అనుమానం ఉండేది. ఆమె కోడలినే కదా, అనుమానం ఎక్కడికి పోతుంది. ఆ అనుమానం తీరిపోయిన రోజు ఒకటి ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత మొదటి ఉగాదికి ముందురోజు. పురుడు పోసుకున్నాక మొదటిసారి నేనే బిందె తీసుకుని బోరింగుకు పోయాను. వెనకాలే ఆమె వచ్చింది. బోరింగు పక్కనే బస్సు ఆగే చోటు. ఉగాదికి ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే రోజు. నేను బిందె నింపుతుంటే అనంతపురం బస్సు వచ్చి ఆగింది. కదిరి నుంచి రావాలన్నా అదే బస్సు. బిడ్డలను చంకనేసుకుని, మూటలు పట్టుకుని మా ఊరి ఆడపిల్లలు దిగుతున్నారు. వాళ్ల తల్లులు ఎదురొచ్చి మూటలు అందుకుంటున్నారు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దిగే ప్రతి మనిషి ముఖంలోకీ చూసింది. అందరూ దిగారు. కండక్టరు తలుపు వేశాడు. బస్సు కదిలిపోయింది. దుమ్ము అణిగేదాకా ఆమె ఆ దారినే చూస్తూ నిలబడింది.

నన్ను బతికించినందుకు ఆమె పోగొట్టుకున్నది ఏమిటో ఆ ఖాళీ దారిలో కనబడుతోంది.

ఆమె నావైపు తిరిగింది. కళ్లు తుడుచుకోలేదు. బిందె ఎత్తి నా నడుముకు ఆనించింది.

"నేను మోయగలనత్తా" అన్నాను.

"తెలుసు. నడువు" అన్నది.

నడిచాను. పక్కనే ఆమె. ఒక చెయ్యి చాపి, అరచేతిని నా బిందె అడుగున, తాకీ తాకనట్టు పెట్టుకుని నడిచింది. వీధి పొడవునా ప్రతి ఇంట్లోనూ కూతుళ్లు దిగిన సందడి. ఆమె ఏ గుమ్మంలోకీ చూడలేదు. నేను అడుగేసినప్పుడల్లా నీళ్లు తొణికి, ఆమె మణికట్టు మీదుగా మోచేతి దాకా కారి మట్టిలో పడుతున్నాయి. ఇల్లు వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.